దూప కానియ్యని కాఫీ చెట్టు

నా చిన్నప్పుడు నాకు మస్తు కుళ్ళు. అందరి మీద కాదు, మా పెద్దనాయిన బిడ్డ, మా అక్క మీదనే. దాని జడ నా జడకంటె పొడుగు. పని చెప్తే మాయమయ్యేది, అయినా ఇంటిల్లిపాది దాన్నే మురిపెం చేసేటోళ్ళు.

మామ నౌకరి మీద అరకుల ఉండే మా మేనత్త ఓసారి శంషాబాద్ వచ్చినప్పుడు మా ఇద్దరికీ చెరొక కాఫీ మొక్క తెచ్చింది. ఎవరి చెట్టు ముందుగాల పూస్తే వాళ్ళను ఎండకాలం సెలవులకు రైల్ల అరకు తోల్కపోత అన్నది. అప్పటిదాక రైలెక్కని నాకు ఇగ నిద్ర పడితే ఒట్టు. బర్లు కుడితి తాగే పాత గోలాలు రెండిటికి కింద చిల్లులు పొడిచి, మొక్కలు పెట్టి, జామచెట్టు నీడల ఉంచినం.

మా దిక్కు ఎండలకు బాయి అడుగంటేది. అయినా నేను బియ్యం కడిగిన నీళ్ళు గూడ దాచి, దూప కావద్దని, గొంతెండద్దని పొద్దుమాపు నా చెట్టుకు పోసిన. అక్క సంగతి చెప్పాల్నా? చలికాలం వచ్చిందంటే తన గోలెం మొఖమే చూడకపోయేది. దాని ఆకులు వాడి వేలాడుతుంటే నేను లోపల్లోపల సంబురపడ్డ.

మూడో ఏడు, ఎండలు ముదురుతుండంగ ఒక పెద్ద వాన కొట్టింది. వారం పది రోజులకు అక్క చెట్టు మల్లెల లెక్క తెల్లగ పూసింది. నాది పచ్చగ, బలంగ, ఒక్క మొగ్గ లేకుండ నిలబడ్డది. ఓయమ్మో, నా కడుపు భగభగ మండింది! పనిదొంగకు పూలా అని ఇల్లు పీకి పందిరేసిన.

మా తాత నా చెయ్యి పట్టుకపోయి, నా వేలు నా గోలెం మట్టిల గుచ్చిండు. అంతా బురద.

"దీనికి ఎన్నడన్న దూప కానిచ్చినవా బిడ్డా? నిమ్మతోటకు గూడ ఎండబెట్టినంకనే నీళ్ళిస్తం. జర దూపయితెనే పూత."

అక్క రైలెక్కింది. నేను సాగనంపనీకి గూడ పోలే. మరుసటేడు నీళ్ళ చెంబు దాచిపెట్టి, నా చెట్టు వాడుతుంటే చూస్త కూసున్న. పోసుడు సులువే, పొయ్యకుండ ఊకునుడే కష్టం. వాన పడ్డది, నా చెట్టూ పూసింది. చూడనీకి మేనత్త మాత్రం రాలే.

ఇప్పుడు ఆ జాగల ప్లాట్లు పడ్డయ్, నెత్తి మీదికెల్లి విమానాలు పోతుంటయ్. నా డాబా మీద ఒక కాఫీ చెట్టున్నది. మట్టిల వేలు పెట్టి చూడకుండ దానికి చుక్క నీళ్ళు పొయ్య.

మొన్న ఎండకాలం, ఈ వయసుల, నేనూ అరకు రైలెక్కిన. కొండల నడుమ సొరంగాలొచ్చేటప్పుడు అక్క అప్పట్ల నిద్రపోయిందట, తనే చెప్పింది. నేనైతే కిటికీ ఇడిచి కదలలే. అన్నేండ్ల దూప మరి!