ఎర్ర రంగులో ఒక్క పేరు

మా కాలేజీకీ వాళ్ళ కాలేజీకీ మధ్య ఎనిమిది కిలోమీటర్ల రోడ్డు. మాది ఊళ్ళో ఉన్న ప్రభుత్వ కాలేజీ. వాళ్ళది ఊరి బయట హైవే పక్కన ఉన్న ప్రైవేటు కాలేజీ. ఒకే జిల్లా, ఒకే యూనివర్సిటీ, ఒకే సిలబస్. అయినా వాళ్ళ పేరెత్తితే మాకు ఒళ్ళు మండేది. మా పేరెత్తితే వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వే నాకు కష్టంగా ఉండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు, నవ్వితే ఏం చేస్తాం? ఇరవై ఏళ్ళు దాటి, సముద్రం దాటి, సౌదీలో ఈ ఖమీస్ ముషైత్ కొండల మీదికి వచ్చినా ఆ నవ్వు నన్ను వదల్లేదు.

ఈ చుట్టుపక్కల రెండు కాలేజీల పాత విద్యార్థులం కలిపి ముప్పై మందిదాకా ఉంటాం. సైట్ ఇంజనీర్లు, సేఫ్టీ ఆఫీసర్లు, ఆసుపత్రుల్లో మెషీన్లు బాగుచేసేవాళ్ళు. ఏడాదికోసారి చలికాలంలో ఒక శుక్రవారం పొద్దున ఊరి చివర ఒక ఇస్తిరాహా అద్దెకు తీసుకుంటాం. ఇస్తిరాహా అంటే కుటుంబాలతో వచ్చి రోజంతా గడిపే తోట లాంటిది, లోపల పచ్చ టర్ఫ్ పరిచిన గ్రౌండ్ ఒకటి ఉంటుంది. అక్కడ మా కాలేజీకీ వాళ్ళ కాలేజీకీ ఫుట్‌బాల్ మ్యాచ్. మీ తెలుగువాళ్ళు ఆడేది క్రికెట్ కదా అని మా ఆఫీసులో మలయాళీలు అడుగుతూ ఉంటారు. మా జిల్లాలో ఫుట్‌బాలే ఆడేవాళ్ళమని, యూనివర్సిటీ ఫైనల్ అంటే ఎప్పుడూ ఈ రెండు కాలేజీలేనని చెబితే నమ్మరు.

నమ్మకపోవడంలో వాళ్ళ తప్పు లేదు. వరసగా ఐదేళ్ళు మేమే ఓడిపోయాం. కెప్టెన్‌నీ నేనే, గోల్‌కీపర్‌నీ నేనే, కాబట్టి మాటలు పడేదీ నేనే. నలభై నాలుగేళ్ళ వయసులో, ఏడు వేల అడుగుల ఎత్తులో, ఊపిరందక, వంగి నెట్‌లోంచి బంతి తీసుకురావడం ఎంత అవమానమో వంగినవాడికే తెలుస్తుంది. మా ఆవిడ గ్రౌండ్ అంచున కుర్చీ వేసుకుని, "బంతి నీ పక్కనుంచే పోయింది గదా, చూడలేదా?" అని అడిగేది. ఆవిడ వెటకారానికి అడగలేదు, నిజంగానే అడిగింది. అందుకే ఎక్కువ తగిలింది.

ఒక్కసారి గెలవాలి. అంతకు మించి ఆశ లేదు నాకు. కాంట్రాక్టు కంపెనీలో ఇంకెన్నాళ్ళు ఉంచుతారో తెలియదు, ఎగ్జిట్ వీసా వేసి ఇంటికి పంపేలోపల వాళ్ళ కెప్టెన్ మొహంలో ఆ నవ్వు లేకుండా ఒక్క శుక్రవారం చూడాలి.

గెలిపించగలిగినవాడు మాకు ఒక్కడే ఉన్నాడు. నాకు రెండేళ్ళు జూనియర్. హాస్టల్లో నా పక్క గది. నజ్రాన్‌లో ఉంటాడు, అక్కడ ఖర్జూరం తోటల్లో బోరు మోటార్లు చూసే కంపెనీలో ఇంజనీర్‌నని చెప్పేవాడు. మ్యాచ్ రోజు భార్యనూ కూతురినీ కారులో ఎక్కించుకుని, మూడు గంటలు కొండలెక్కి, అందరికంటే ముందు వచ్చి గ్రౌండ్‌లో బూట్లు కట్టుకుంటూ కనిపించేవాడు. ఐదేళ్ళలో మేం కొట్టిన గోల్స్ నాలుగు. నాలుగూ వాడి ఎడమకాలివే. కాలేజీ రంగు జెర్సీ మా అందరికీ పొట్టల దగ్గర పిగిలిపోతుంటే వాడికి మాత్రం చదువుకునే రోజుల్లోలాగే సరిపోయేది. దాన్ని ఉతికి ఇస్త్రీ చేసి మరీ తెచ్చేవాడు.

పోయినేడు గొడవ జరిగింది. వాళ్ళు ఒక కొత్త కుర్రవాణ్ణి దింపారు. లేడిపిల్లలా పరిగెత్తి రెండు గోల్స్ కొట్టి పోయాడు. వాడెవడని ఆరా తీస్తే, వాళ్ళ కాలేజీ ఆవరణలోనే ఉన్న పాలిటెక్నిక్‌లో చదివాడట. నేను కస్సుమన్నాను.

"ఒకే గేటప్పా. ఒకే క్యాంటీను. ఒకే బస్సు. ఇంకేం కావల్ల?" అన్నాడు వాళ్ళ కెప్టెన్. నా ఈడువాడే, ఆసుపత్రిలో పనిచేస్తాడు.

"గేటు ఒకటైతే కాలేజీ ఒకటవుతుందా? మీ వాచ్‌మన్‌ను గూడా దింపుతావా?" అన్నాను.

నవ్వాడు. అదే నవ్వు.

అందుకే ఈ ఏడు నేనొక నియమం పెట్టాను. ఆడేవాళ్ళంతా డిగ్రీ సర్టిఫికెట్ ఫోటో పంపాలి. వెనక ఎంబసీ ముద్ర ఉన్నదైనా సరే, ఉత్త ప్రొవిజనల్ అయినా సరే, కాలేజీ పేరు కనిపించాలి. అది నా బుర్రలో పుట్టిన నియమం. దాన్ని చూసుకుని నేను చాలా మురిసిపోయాను కూడా. ఈ దేశంలో మనం కాగితం లేకుండా సిమ్ కార్డు కూడా కొనుక్కోలేం, మ్యాచ్ ఎందుకు ఆడాలి అని మా వాట్సాప్ గ్రూపులో పెద్ద ఉపన్యాసం రాశాను.

రెండు రోజుల్లో అందరి ఫోటోలూ వచ్చాయి. వాళ్ళవి పదకొండు, మావి పది. మావాడిది రాలేదు. ఫోన్ చేస్తే కంపెనీ ఫైల్లో ఉందన్నాడు. ఇంకోసారి చేస్తే ఊర్లో బీరువాలో ఉందన్నాడు. మూడోసారి చేస్తే, "చూస్తాలే అన్నా" అన్నాడు. నాకు చిర్రెత్తింది. వీడి బద్ధకం వల్ల నేను పెట్టిన నియమం నా జట్టుకే అడ్డమొస్తే వాళ్ళు ఇంకో పదేళ్ళు నవ్వుకుంటారు.

అంతలో వాళ్ళ కెప్టెన్ ఫోన్ చేశాడు. "ఈ కాగితాల గోల ఇడిసిపెట్టప్పా. పోయినేటి పిల్లోణ్ణి మేం దింపంలే. ఆడుకుందాం, తిందాం, పోదాం."

అంత మెత్తగా మాట్లాడుతున్నాడంటే ఏదో తిరకాసు ఉందనుకున్నాను. పదకొండు ఫోటోల్లో ఏదో దొంగది ఉండి ఉంటుందని అవన్నీ మళ్ళీ పెద్దవి చేసి చూశాను. ముద్రలు చూశాను, సంతకాలు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా నా అనుమానం పోలేదు. "నియమం అంటే నియమమే" అని చెప్పి పెట్టేశాను.

సైట్‌లో మాదొక అలవాటు. పని ఆలస్యమైతే ఎవణ్ణీ బతిమాలం. పెండింగ్ లిస్ట్ ఒకటి తయారుచేసి, అయినవాటికి ఆకుపచ్చ, కానివాటికి ఎరుపు పూసి, అందరూ ఉన్న గ్రూపులో పడేస్తాం. సిగ్గుకైనా సాయంత్రానికి పని అయిపోతుంది. పద్దెనిమిదేళ్ళుగా నేను ప్లంబర్ల చేతా, పెయింటర్ల చేతా, ఎలక్ట్రీషియన్ల చేతా పని చేయించింది ఇలాగే. అదే చేశాను. ఇరవై రెండు పేర్లు రాశాను. ఇరవై ఒకటి ఆకుపచ్చ. ఒక్క పేరు ఎరుపు, పక్కన "సర్టిఫికెట్ అందలేదు". బిర్యానీ లెక్క కోసం ఆడవాళ్ళను కూడా చేర్చుకున్న గ్రూపు అది. మధ్యాహ్నం భోజనం వేళ పెట్టి, చేయి కడుక్కుని వచ్చేసరికి వాడు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. వాడి తర్వాత వాడి భార్య కూడా వెళ్ళిపోయింది.

అప్పటికీ నాకు అర్థం కాలేదు. పైగా కోపం వచ్చింది. ఇంతమాత్రానికి అలగడమేమిటి, చిన్నపిల్లవాడా అనుకున్నాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెడితే చూసి వదిలేశాడు. శుక్రవారం పొద్దున ఇస్తిరాహా గేటు దగ్గర నిలబడి నజ్రాన్ రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాను. మంచు దట్టంగా ఉంది. కార్లు దగ్గరికొచ్చేదాకా ఎవరివో తెలియడం లేదు. ఒక్కటీ వాడిది కాదు.

వాళ్ళ కెప్టెన్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అప్పుడు నవ్వడం లేదు.

"రాడప్పా వాడు" అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"వాడికి డిగ్రీ లేదు. ఒక్క సబ్జెక్టు పోయింది, కంట్రోల్ సిస్టమ్స్. సప్లీలకు రెండు కాలేజీలోళ్ళకూ సెంటరు మా కాలేజే గదా. నాదీ అదే పోయి శానా ఏండ్లు రాస్తాంటి. ఇద్దరం ఒకే హాల్లో మూడుసార్లు కూర్చున్యాం. మూడోసారికి నాది గట్టెక్కింది, వాడిది గట్టెక్కలేదు. నాలుగోసారి రాసేలోపల వాళ్ళ నాయనకు పక్షవాతమొచ్చింది. దొరికిన వీసా పట్టుకోని వచ్చేసినాడు."

నేను అప్పటికే ఊరొదిలి హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. పాసయ్యాడా అని ఏనాడూ అడగలేదు. ఇక్కడ ఇకామాలో, అంటే నివాస కార్డులో, రాసేది ఒక పని, చేసేది ఒక పని. నా ఇకామాలోనే నాలుగేళ్ళు వడ్రంగి అని ఉండేది. వాడి ఇకామాలో ఎలక్ట్రీషియన్ అని ఉంటే అందరిలాంటిదే అనుకున్నాను.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"చెప్పి ఏం జేసుకోవల్ల? నువ్వు సర్టిఫికెట్లంటే అందుకే గదా వద్దంటి."

ఐదేళ్ళు ఈ కెప్టెన్‌ను నేను తిట్టని తిట్టు లేదు. మోసగాడన్నాను, డబ్బు కట్టి సీటు కొన్నవాడన్నాను. మావాడు ఆడకూడదంటే వాళ్ళకు ఒక్క మాట చాలు. మావాడి నాలుగు గోల్స్‌లో ఒకదాంతో వాళ్ళు ఓడిపోబోయి చివరి నిమిషంలో తప్పించుకున్నారు. అప్పుడైనా నోరు విప్పలేదు. ఇన్నాళ్ళూ అసహ్యించుకున్నవాడు మంచివాడని తేలితే ఎంత చిరాకో నాకు ఆ పొద్దున తెలిసింది. కృతజ్ఞతగా ఉండాల్సింది పోయి వాణ్ణి ఇంకా కొట్టాలనిపించింది.

వాడు అంతటితో ఆగలేదు. మేం పదిమందిమే ఉన్నామని వాళ్ళలో ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టాడు. పది మందికి పదిమంది ఆడాం. రెండో సగంలో కార్నర్‌లోంచి వచ్చిన బంతి వాళ్ళ డిఫెండర్ మోకాలికి తగిలి వాళ్ళ గోల్‌లోకే పోయింది. మేం గెలిచాం. ఐదేళ్ళు కలగన్న గెలుపు వాళ్ళ మోకాలు ఇచ్చింది. మావాళ్ళు నన్ను ఎత్తుకోబోతే దింపమని కసురుకున్నాను. మా ఆవిడ, "గెలిచినా ఇట్లే ఉంటావా?" అని అడిగింది.

మర్నాడే, శనివారం నజ్రాన్ వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో నేర్చుకుంటూనే ఉన్నాను. నేను కావాలని చేయలేదురా అన్నది మొదటి వాక్యం. అది నాకే నచ్చక మార్చాను. మార్చినదీ నచ్చలేదు.

తోట అంచున రేకుల షెడ్డు. కింద చాప మీద విప్పిన మోటారు ముందు పెట్టుకుని రాగితీగ చుడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. ముఖం మామూలుగానే ఉంది. పక్కనున్న యెమెనీ దుకాణం నుంచి రెండు కప్పుల టీ తెప్పించాడు.

"తప్పయిందిరా" అన్నాను. నేర్చుకున్నవేవీ గుర్తుకు రాలేదు.

"ఏమైందిలే అన్నా" అన్నాడు. తీగ మీంచి చూపు తిప్పకుండా మళ్ళీ అన్నాడు. "ఇంట్లో తెలుసు, పెండ్లికి ముందే చెప్పినా. పాపకు తెలుసు. కంపెనీలో తెలుసు. వీసా ఇచ్చిన కఫీల్‌కు తెలుసు. తెలియకూడదనుకునింది మన కాలేజోళ్ళకు ఒక్కళ్ళకే."

"మాకెందుకురా?"

"మీరంతా పాసై పోతిరి గదా అన్నా. ఏడాదికి ఒకరోజు నేనూ పాసైనోళ్ళలో ఉంటాంటి."

నియమం తీసేశానని చెప్పాను. గ్రూపులో అందరి ముందూ క్షమాపణ రాస్తానన్నాను. మళ్ళీ చేర్చుతాను, వచ్చే ఏడు నువ్వే కెప్టెన్‌వి అని కూడా అన్నాను.

"వద్దన్నా" అన్నాడు. "వాళ్ళ కెప్టెన్ ఫోన్ చేసినాడు. వాళ్ళ తరఫున ఆడమన్నాడు. మూడుసార్లు మా హాల్లో కూర్చుని రాసినావు, మాకు అది చాలు అన్నాడు."

"నువ్వేం చెప్పావు?"

"సరే అని చెప్పినా."

కోపం అరికాలి నుంచి తలదాకా లేచింది. వాళ్ళ జెర్సీ వేసుకుంటావా అని అరవబోయాను. ఆ మాట అనే హక్కు నాకు లేదని నోరు తెరిచాక తెలిసింది. టీ తాగాను. చల్లారిపోయింది, అయినా తాగాను.

"గోల్‌లో నేనే ఉంటానురా" అన్నాను చివరికి.

"తెలుసు గదా అన్నా" అని మోటారు దగ్గరికి లాక్కుని తీగ చుట్టడం మొదలుపెట్టాడు.