పెద్దబాపు డోజర్

పెద్దబాపు పోయాడని నిన్న పొద్దున కబురొచ్చింది. సిద్దిపేట దవాఖానలో, నిద్రలోనేనట. ఎవరినీ ఏమీ అడగని మనిషి బతుకులో ఒక్కటే కోరుకున్నాడు. అది దక్కకపోవడంలో నా చేయీ ఉంది.

మా బాపుకు అన్న ఆయన. ఇరిగేషన్‌లో డోజర్ డ్రైవర్. ఇరవై ఏళ్లు ఒకే బండి నడిపాడు. సాయంత్రం దిగాక ఇంజన్ చల్లారేదాకా పక్కనే కూర్చునేవాడు. "పొద్దంత పని జేసినదాన్ని ఒక్కదాన్నే ఇడిసిపెడ్తమా బిడ్డా?" అనేవాడు. ఆయన రిటైరయిన ఏడాదే దాన్నీ పనికిరాదని రాసేశారు. హర్రాజులో పాట పాడి దాన్ని కొని, జగదేవ్‌పూర్ వైపు రాళ్ల చెలకలు చదును చేస్తూ బతకాలని ఆయన ఆశ.

నోటీసు ఇంగ్లీషులో ఉందని, డిగ్రీ చదువుతున్న నన్ను వెంట తీసుకుపోయాడు. యార్డులో హైదరాబాద్ తుక్కు వ్యాపారులకు కుర్చీలు, చాయ్. మాకు తాడు ఇవతల ఎండ. ఏ బండి ఎవరు పాడాలో వాళ్లు ముందే పంచుకుంటారట, ఒకరి మీద ఒకరు పాడరట.

"గాళ్లు దాన్ని తుక్కు అనుకున్నంతసేపే అది మనది. నోరు మెదపకు" అన్నాడు చెవిలో.

నేను మెదిపాను. కొనేవాళ్లెవరైనా బండిని పరీక్షించుకోవచ్చని నోటీసులో ఉంది. గుమాస్తా మమ్మల్ని తాడు దాటనివ్వలేదు.

"చూసి ఏం జేస్తరమ్మా? ఎట్లున్నది అట్లనే కొనుడు."

కాగితం చూపించి వాదించాను. విసుక్కుంటూ తాళంచెవి ఇచ్చాడు. దాన్ని పెద్దబాపు చేతిలో పెట్టినప్పుడు నాకెంత గర్వమో!

కుర్చీలోంచి ఒక వ్యాపారి నవ్వాడు. "ఏం డ్రైవర్ సాబ్, పీనుగను లేపుతవా?"

తలొంచుకుని ఊరుకోవాల్సింది. పెద్దబాపు ఊరుకోలేకపోయాడు. పక్కన లారీవాణ్ని అడిగి బ్యాటరీ తెచ్చి కట్టాడు. సెల్ఫ్ కొట్టాడు. రెండోసారికి నల్లటి పొగ లేచి, యార్డంతా దద్దరిల్లింది. పైనుంచి నన్ను చూసి నవ్వాడు. తర్వాత కుర్చీల వైపు చూశాడు. చాయ్ గ్లాసులు కింద పెట్టి అందరూ లేచి నిలబడ్డారు. ఆయన నవ్వు ఆగిపోయింది.

పాటలో మూడుసార్లు చెయ్యెత్తాడు. నాలుగోసారి ఎత్తలేకపోయాడు.

"తప్పు నాదే పెద్దబాపూ" అన్నాను దారిలో.

"కాదు బిడ్డా. దాన్ని పీనుగంటే ఇనలేకపోయిన."

తర్వాత ఏడేళ్లు బతికాడు. ఒక్కసారి తప్ప మళ్లీ ఏ బండీ ఎక్కలేదు. పొద్దంతా గోడకానుకుని, ఉత్త చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. నేను చూడలేక ఊళ్లు మారాను, ఉద్యోగాలు మారాను.

హర్రాజైన మూడో రోజు ఇంకొకటి జరిగింది. కొన్నవాళ్ల డ్రైవర్‌కు డోజర్‌ను ట్రైలర్ మీదికి ఎక్కించడం చేతకాలేదు. పెద్దబాపుకు కబురు పెట్టారు. పోవద్దని బతిమాలాను.

"కొత్తోడు చైన్ తెంపుతడు" అని లేచాడు. వెంట నేనూ పోయాను. తనే నెమ్మదిగా నడిపి, ఎక్కించి, దిగాడు.

ట్రైలర్ వెళ్లిపోయాక యార్డు మట్టిలో చైన్ల అచ్చులు రెండు వరుసలు మిగిలాయి. కొంత దూరం తిన్నగా వచ్చి, ట్రైలర్ ఆగిన చోట తెగిపోయాయి. పెద్దబాపు వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచాడు.