కాలువ కట్టేసేలోగా

1894 వేసవి మొదట్లో మా షావుకారు వీరభద్రయ్యగారు నన్ను ధవళేశ్వరం పంపించారు. కాలువల శాఖవారు ఇక పనికిరాదని పక్కన పెట్టిన ఒక పొగపడవను అక్కడ వేలం వేస్తున్నారు. దాన్ని పాడి, కాకినాడ తీసుకురావడం నాకప్పగించిన పని.

అప్పటికి నేను కాకినాడలో ఆయన బండ్ల కార్ఖానాలో వేలం గుమాస్తాగా ఉన్నాను. ఈ ఉద్యోగం పేరు ఇప్పటివాళ్లు విని ఉండరు. బదిలీ మీద వెళ్లిపోయే దొరల గుర్రపుబండ్లు, అప్పుల్లో పడ్డ జమీందార్ల మేనాలు, గోడగడియారాలు, అద్దాల దీపాలు ఎక్కడ వేలానికి వచ్చినా ముందుగా తెలుసుకుని, వెళ్లి చూసి, ఎంతవరకు పాడవచ్చో తేల్చి, పాట కొట్టి సరుకు ఇల్లు చేర్చాలి. కార్ఖానాలో వడ్రంగులు, కమ్మర్లు వాటిని బాగుచేస్తారు. రంగు వేసి మళ్లీ అమ్ముతారు. చక్రం ఆకుల్ని గోటితో కొట్టి చూడడం, కొత్త రంగు ఉన్నచోటే ఎక్కువ అనుమానపడడం, బండి కింద దూరి వాసన చూడడం మా చదువు. నిలకడ లేని ఉద్యోగం. భోజనానికి కూర్చున్నా, ఏ దొర సామాను కట్టిస్తున్నాడో ఎవరైనా చెబుతారేమోనని చెవి వీధివైపే ఉండేది. మా ఆవిడ నన్ను 'కాలుకింద నిప్పులున్న మనిషి' అనేది.

పొగపడవ కొనడం మాకు కొత్త. రైలు పడ్డాక కాలువ మీద ప్రయాణికులు తగ్గారు. కానీ కాకినాడ రేవులో ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తాయి. సరుకు నింపిన పడవలను వాటి దగ్గరికి లాక్కుపోవడానికి ఆవిరి పడవ దొరికితే కళ్లకద్దుకునేవాళ్లున్నారు. వీరభద్రయ్యగారు అలాంటి రేవు వ్యాపారి ఒకరితో ముందే మాట్లాడి పెట్టారు.

ఆ పడవ ముందుభాగాన ఇంగ్లీషులో లిల్లీ అని రాసి ఉండేది. ఏ ఇంజనీరుగారి కూతురి పేరో తెలియదు. కాలువ వెంట జనం మాత్రం లిల్లమ్మ అనేవారు.

వేలం షరతులు చదివి వినిపించారు. సరుకు ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతారు, తర్వాత ఫిర్యాదులు కుదరవు. ఇది అన్నిచోట్లా ఉండేదే. రెండో షరతు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఏటా వేసవిలో పూడిక తీయడానికి కాలువలకు నీళ్లు ఆపేస్తారు. దాన్నే కాలువ కట్టేయడం అంటాం. ఆలోగా కొన్నవాడు పడవను కాలువ దాటించి తీసుకుపోవాలి. లేకపోతే పాట రద్దు, ముందుగా కట్టిన ధరావతు పోతుంది. పడవను ముక్కలు చేసి ఇనుము కింద అమ్ముతారు.

పాటకు వచ్చినవాళ్లలో గట్టివాడు తునికి చెందిన పాత ఇనుము వర్తకుడు సత్తిరాజు. అతనికి లిల్లమ్మ అంటే ఇంత ఇత్తడి, ఇంత రాగి, అంతే. నేను పై పాట పాడుతున్నకొద్దీ అతను నవ్వుతూ పాడాడు. చివరికి నాకు వదిలేసి, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"మీరు కదిలించలేరండి గుమాస్తాగారూ. నేనెక్కడికీ పోను, రాజమండ్రిలోనే మా బావమరిది ఇంట్లో ఉంటాను. నీళ్లు తీసేశాక మళ్లీ కలుద్దాం" అన్నాడు. వెటకారం కాదు. వర్తకుడు వర్తకుడికి చెప్పే మాటలాగే చెప్పాడు.

ఆ గుంపుకి కాస్త ఎడంగా తెల్ల గడ్డంతో ఒకాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పేరు శామ్యూలు. ఊళ్లోని బాప్టిస్టు గుడికి పెద్ద. లిల్లమ్మను మొదటినుంచీ నడిపిన డ్రైవరు. పడవను తీసేసినప్పుడు ఆయన ఉద్యోగం కూడా పోయింది.

"ముక్కలు చేయరుగదాండీ?" అని అడిగాడు.

"చేయం డ్రైవరుగారూ. రేవులో పనికి" అన్నాను.

"అయితే నేనే నడిపి తెస్తానండి. జీతం మాట తర్వాత."

అదే రోజు వీరభద్రయ్యగారికి తంతి కొట్టాను. జవాబు వెంటనే వచ్చింది. రేవు వ్యాపారిని ఫలానా రోజు కాలువ ఒడ్డుకు పిలిచాననీ, పడవ పొగ వదులుతూ, కూత వేసుకుంటూ రావాలనీ, అలా వస్తేనే ధర పలుకుతుందనీ. అంత డబ్బు పెట్టి తంతిలో కూత ముచ్చట కూడా రాయించారంటే ఆయన ఎంత ఆశపెట్టుకున్నారో అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే నేను బాయిలరు కిందికి దూరాను. పైభాగం అద్దంలా ఉంది. శామ్యూలు దాన్ని రోజూ తుడిచేవాడట. కింద పొయ్యి పక్క రేకును చిన్న సుత్తితో కొట్టుకుంటూ వెళ్తే ఒకచోట మోగాల్సిన ఇనుము మోగలేదు. తడిసిన చెక్కమీద కొట్టినట్టు చప్పుడు. మళ్లీ కొట్టాను. అదే చప్పుడు.

"చన్నీటి పరీక్ష చేద్దాం డ్రైవరుగారూ" అన్నాను బయటికి వచ్చి.

బాయిలరుని మంట లేకుండా మామూలు నీళ్లతో అంచుదాకా నింపి, చేతిపంపుతో ఇంకా నీళ్లు ఎక్కించి ఒత్తిడి పెంచడమే చన్నీటి పరీక్ష. రేకు బలహీనంగా ఉంటే అక్కడ నీరు చిమ్ముతుంది, అంతే. అదే ఆవిరితో పగిలితే చుట్టుపక్కల మనిషి మిగలడు.

శామ్యూలు ముఖం మారిపోయింది. "పంపు తేవాలి, బిగించాలి. ఉన్న కాస్త గడువూ దానికే పోద్దండి. ఇవాళ మంట వేస్తే రేపు సామర్లకోట దాటిస్తాను. ఇన్నేళ్లు దాని పక్కనే కూర్చున్నాను. దాని ఒంట్లో బాగుందో లేదో నాకు తెలీదాండీ?"

ఆయన చెప్పినదాంట్లో గడువు మాట నిజం. నా కాళ్లు నిలవడం లేదు. గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ కాలువ నీళ్లు నిన్నటికంటే తగ్గాయా అని మెట్లు చూస్తున్నాను. మంట వేయమని చెబితే షావుకారు సంతోషిస్తారు, ఈ ముసలాయన సంతోషిస్తాడు. నేను మాత్రం ఆ బాయిలరు పక్కన నిలబడలేను. నేను నిలబడలేనిచోట ఆయన్ని కూర్చోబెట్టడం ఎలాగ? పంపు కోసం మనిషిని పంపాను.

పంపు వచ్చి, బిగించేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. శామ్యూలు దూరంగా కూర్చున్నాడు. కూలీలు పంపు కొడుతుంటే నేను ఒత్తిడి చూపించే ముల్లు మీద కళ్లు పెట్టుకున్నాను. ముల్లు మెల్లగా లేచింది. పడవ మామూలుగా నడిచే ఒత్తిడికి ఇంకా చాలా కింద ఉండగానే టప్‌మని చిన్న చప్పుడైంది. నేను కొట్టి చూసిన చోట రివెట్ల వరస వెంట రేకు నోరు తెరిచి, నీళ్లు మా మోకాళ్లమీద చిమ్మాయి.

శామ్యూలు లేచి వచ్చాడు. వంగి, ఆ చీలికమీద అరచెయ్యి పెట్టాడు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారుతున్నాయి.

"పోయిన క్రిస్మసుకి మా గుడి పిల్లల్నందరినీ ఎక్కించుకుని కడియందాకా తిప్పానండి" అన్నాడు. చెయ్యి తీయకుండానే, "ఇక్కడే కూర్చున్నారు. వెచ్చగా ఉంటదని" అన్నాడు.

నా మాట నెగ్గిందన్న సంతోషం నాకేమీ కలగలేదు. అప్పుడు నా మనసులో ఉన్నది ఒకటే. పడవ నడవదు, కాలువ ఆగదు.

తాడు కట్టి గట్టుమీద నుంచి మనుషులతో లాగించాలి. దానికీ చిక్కుంది. బాయిలరు బరువుతో లిల్లమ్మ నాటు పడవలకంటే లోతుగా మునుగుతుంది. నీళ్లు తగ్గుతున్న కాలువలో నేల తగులుతుంది. కాబట్టి బాయిలరును దించేయాలి. దించేందుకు గొలుసులు, ఎత్తుకొయ్యలు, అలవాటైన మనుషులు కావాలి. అవి ఉన్నది ఎవరి దగ్గర అని ఆలోచిస్తే ఒక్కడే కనిపించాడు. గుర్రబ్బండి కట్టించుకుని రాజమండ్రి వెళ్లి సత్తిరాజు ముందు నిలబడ్డాను.

"అప్పుడే వచ్చేశారేంటండీ?" అన్నాడు.

సంగతి దాచలేదు. బాయిలరు ఇనుము అతనికి, దించే ఖర్చూ అతనిదే, కానీ రేపే దించాలి. అతను వేళ్లమీద లెక్క వేసుకుని, "పడవంతా వస్తుందనుకుంటే పొట్ట మాత్రం ఇస్తానంటున్నారు" అని చొక్కా వేసుకున్నాడు. మాటమీద నిలిచాడు. మర్నాడు సాయంత్రానికి బాయిలరు గట్టుమీద ఉంది. ఆ పనిలో గొలుసు జారితే శామ్యూలు 'భద్రం, భద్రం' అని అరిచాడు. చీలిపోయిన బాయిలరుకి దెబ్బ తగులుతుందని ఆయన భయం.

బరువు పోయాక పడవ తేలికై పైకి లేచింది, కానీ ఇంజను వెనక ఉండడంతో ముక్కు గాలిలోకి ఎత్తుకుంది. అలా లాగితే పక్కకు తిరిగిపోతుంది. ముందువైపు ఏదో బరువు పెట్టాలి. అప్పుడే ఉప్పాడ నుంచి ఎండుచేపల బుట్టలు తెచ్చుకుని ధవళేశ్వరం సంతలో అమ్ముకునే బంగారమ్మ తన పడవ తిరుగు ప్రయాణానికి సిద్ధం చేస్తోంది. భర్త, అతని తమ్ముళ్లు తాడు లాగుతారు, బేరం ఆవిడ ఆడుతుంది. మా పడవను కూడా లాగమని అడిగాను.

"లాగుతాం గానండీ, నాకు అమ్ముడవని బుట్టలు చాలా ఉన్నాయి. నా పడవలో పెడితే అది మునుగుద్ది. మీ పడవ ముక్కుమీద పెట్టుకోండి. మీకు బరువు కావాలి, నాకు చోటు కావాలి" అంది.

"మా షావుకారుగారు ఒప్పుకోరమ్మా. ఆ పడవ చూడటానికి పెద్దమనుషులు వస్తున్నారు."

"చూడటానికే గదండీ. తినమన్నామా?"

బుట్టలు ఎక్కించాం.

కడియం దాటేవరకు బాగానే సాగింది. మగవాళ్లు భుజానికి తాడు వేసుకుని గట్టుమీద నడుస్తున్నారు. శామ్యూలు చుక్కాని పట్టుకున్నాడు. నేను పడవలో ఉండలేక గట్టు మీదికి, గట్టు మీద ఉండలేక పడవలోకి మారుతూ, ప్రతి వంతెన దగ్గరా నీళ్లు ఎంతవరకు తడిపాయో చూస్తున్నాను. తడి గీత నీటికి పైన కనిపిస్తోంది. నీళ్లు తీస్తున్నారన్నమాట.

"ఏంటండీ గుమాస్తాగారూ, కూర్చోండి. మీ కంగారు చూసి కాలువ ఆగుద్దా?" అంది బంగారమ్మ. ఒక్క క్షణం కూర్చుని మళ్లీ లేచాను.

ద్వారపూడి అవతల లిల్లమ్మ అడుగు నేలకు రాసుకుంది. తర్వాత ఆగిపోయింది. తాడు లాగేవాళ్లు ముందుకు పడబోయి నిలదొక్కుకున్నారు. ఎదురుగా వస్తున్న ఒక పడవవాడు, ధవళేశ్వరంలో కాలువకు నీళ్లు వదిలే తలుపులు దించేశారనీ, రేపటికి బురదేననీ చెప్పి వెళ్లిపోయాడు. నా కళ్లముందు సత్తిరాజు నవ్వు మెదిలింది.

శామ్యూలు చుక్కాని వదిలి, చొక్కా విప్పి నీళ్లలోకి దిగాడు. ఆయన వయసుకి అది చేయాల్సిన పని కాదు. భుజం పడవకి ఆనించి, "బుట్టలు ముక్కుమీంచి నడుముకి మార్చండి" అన్నాడు. మార్చాం. బంగారమ్మ చీర దోపుకుని దిగింది. నేనూ దిగాను. నెట్టడం, ఆపడం, అటూ ఇటూ ఊపడం. బురదలో అడుగు వదులైన చప్పుడు వినిపించింది, పడవ ఒక్కసారి జారి ముందుకు పోయింది. శామ్యూలు బోర్లా పడ్డాడు. బంగారమ్మ ఆయన చెయ్యి పట్టి లేపింది. ఆయన బురద ఉమ్ముకుంటూ, "మాట వింటదండి, అడిగే తీరులో అడిగితే" అన్నాడు.

ఆ తర్వాత ఎక్కడా ఆగకుండా, వంతులు వేసుకుని లాగారు. కాకినాడ దగ్గర కాలువ నీటిని తలుపులతో ఆపే ఆఖరి లాకు దాటితే అవతల సముద్రపు పోటునీరు. దానికి కాలువ కట్టేయడంతో సంబంధం లేదు. లాకు తలుపు మా వెనక మూసుకుంది. అందరూ కూర్చున్నారు.

ఒడ్డున వీరభద్రయ్యగారు, రేవు వ్యాపారి గొడుగుల కింద నిలబడి ఉన్నారు. పొగ లేదు, కూత లేదు. గాలి మామీద నుంచి వాళ్లవైపు వీస్తోంది. వ్యాపారి కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు. వీరభద్రయ్యగారు నన్ను ఒకే మాట అడిగారు.

"బాయిలరేదీ?"

చెప్పాను. చీలికలోంచి కోసి తెచ్చిన రేకుముక్క చేతిలో పెట్టాను. వంచితే వంగింది. ఆయన దాన్ని జేబులో వేసుకున్నారు, కోపం మాత్రం తగ్గించుకోలేదు. ఆ సంవత్సరమంతా నన్ను వేలాలకు పంపలేదు. రంగుల కొట్టంలో కూర్చోబెట్టారు. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఇంకొకటి ఉండదని ఆయనకు తెలుసు.

మరుసటి ఏడు మూతపడిన ఒక బియ్యంమిల్లు సామాను వేలానికి వచ్చింది. అందులో చిన్న బాయిలరు ఉందని తెలిసి ఆయనే నన్ను పిలిచి వెళ్లమన్నారు. చన్నీటి పరీక్ష చేయించి, నిలిచాక పాడాను. దాన్ని లిల్లమ్మలో బిగించాం. అదే రేవు వ్యాపారి కొన్నాడు. శామ్యూలు అడగకముందే, ఆయన్నే డ్రైవరుగా పెట్టుకోవాలని వ్యాపారికి షరతు పెట్టాను. ఒప్పుకున్నాడు. శామ్యూలు చేతులు వణకడం మొదలయ్యేదాకా ఆ పడవను నడిపాడు. ఏటా వర్షాలకు ముందు తనే చన్నీటి పరీక్ష అడిగి చేయించేవాడని విన్నాను.

తర్వాత చాలా ఏళ్లు ఈ వృత్తిలోనే ఉండి, మొన్న మానుకున్నాను. కొత్తగా వేలాలకు వెళ్లే కుర్రవాళ్లు అడిగితే చెప్పేది ఇదే. పాత యంత్రం గురించి దాన్ని ఏళ్ల తరబడి నడిపినవాడు చెప్పేది పూర్తిగా వినండి, దాని గుణం అతనికే తెలుస్తుంది. దాని బలం మాత్రం అతన్ని అడగకండి. దాన్ని కొలవాలి. కొలవడానికి పట్టే కాలాన్ని కూడా ధరలో కలుపుకుని పాడాలి. ఆ కాలం లేదనిపిస్తే పాట వదిలేసి ఇంటికి రావాలి.