నాలుగోవంతుకు కాచిన నీళ్ళు

మా నాయనకు మెడ తిరగడం ఆగిపోయింది పందొమ్మిదివందల యాభైల మొదట్లో, వానలు వరసగా ఎగ్గొట్టిన ఏళ్ళలో. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే ఆగి, కాళ్ళతో సహా మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. మా ఇళ్ళల్లో చెంబు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగడం పద్ధతి. ఆయన తల వెనక్కి వాలదు కనుక చెంబు కరుచుకునే తాగాలి. నొప్పికంటే ఆ ఎంగిలే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. తాగేటప్పుడు గోడవైపు తిరిగేవాడు.

మాది ఉదయగిరికీ ఆత్మకూరుకూ మధ్య మెట్ట ఊరు. యాభై ఏళ్ళు రాకముందే నడుం బిగుసుకున్న మగవాళ్ళు మా వీధిలో దాదాపు ఇంటికొకరు ఉండేవారు. అందరికీ వచ్చేదాన్ని జబ్బని ఎవరూ అనుకోలేదు. కొందరు వాతం అనేవారు, కొందరు వయసు అనేవారు. మా మేనమామ మాత్రం కదలకపోవడం వల్లే అనేవాడు.

"బాయికాడ ఎద్దుల్ని కట్టి నీళ్ళకు కపిల తోలినన్నాళ్ళు బాగానే ఉంటివి గదా బావా. ఎద్దుల వెనకాల జీతగాణ్ణి పెట్టి నువ్వు అరుగెక్కినావు. నడుం బిగుసుకోక ఏం జేస్తాది?"

"ఆ అరుగు మీద నా పక్కన కూర్చోనుండేది నువ్వే గదరా" అన్నాడు నాయన.

చివరికి బండి కట్టుకుని ఉదయగిరి తీసుకుపోయాం. అక్కడి నాటువైద్యుడు నాడి చూసి, వెన్ను తట్టి చూసి, పథ్యం చెప్పాడు. చింతపండు మానాలి. మజ్జిగ ముట్టకూడదు. పొద్దున్నే చెమట పట్టేదాకా నడవాలి. పచ్చినీళ్ళు తాగకూడదు, నాలుగు చెంబుల నీళ్ళు పొయ్యి మీద పెట్టి, ఒక్క చెంబు మిగిలేదాకా కాచి, అవే తాగాలి. ఆయన మోసగాడు కాడు. వాతానికి తన పెద్దవాళ్ళు ఏం చెప్పారో అదే మాకూ చెప్పాడు.

అమ్మ ఆ పథ్యాన్ని దేవుడి పనిలాగా నడిపింది. తెల్లారకముందే నీళ్ళకుండ పొయ్యి మీదికి ఎక్కేది. నాయన కొండ మొదలుదాకా నడిచి, ఒళ్ళంతా తడిసి వచ్చి, ఆ కాచిన నీళ్ళు ఆబగా తాగేవాడు. మజ్జిగ లేని సంగటి ఒట్టి కారంతో మింగలేక సగం వదిలేసేవాడు. చలికాలం వచ్చేసరికి మనిషి చిక్కిపోయాడు. మోకాళ్ళు కూడా మడత పడడం మానేశాయి.

మామ వచ్చి చూసి, "నడక చాల్లేదు బావా, ఇంకొంచెం పెంచాల" అన్నాడు.

"నన్ను కాష్ఠందాకా నడిపిచ్చి ఆడ వదిలిపెట్టి రా, సరిపోతాది" అన్నాడు నాయన.

ఆత్మకూరులో ఇంగ్లీషు వైద్యం చేసే డాక్టరు ఉన్నాడంటే బస్సెక్కించాం. ఆయన నాయన మెడా నడుమూ పట్టి చూసి, ఉన్నట్టుండి నావైపు తిరిగి నోరు తెరవమన్నాడు. నా పళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. మా వీధి పిల్లలందరికీ ఉండేవి కనుక పళ్ళంటే అట్లాగే ఉంటాయనుకునేవాణ్ణి.

"తాగేది ఏ నీళ్ళు?" అన్నాడు డాక్టరు.

నాయన ముఖం వెలిగింది. "మా బాయివే. మా వీధంతా అవే తాగేది. వీడు గోచీ పెట్టుకునే వయసులో తవ్విచ్చినా. రాతిలో తూటాలు పెట్టి పగలగొట్టిచ్చినా. ఈ కరువులో గూడా ఊట తగ్గలా."

"నిన్ను పట్టుకున్నవి ఆ నీళ్ళే పెద్దాయనా. దీనికి మందు లేదు. నీళ్ళు మార్చండి. మజ్జిగ పోయండి, పాలు పోయండి. ఇప్పటిదాకా అయింది పోదు, ముందుకు పోకుండా ఆగుతుందేమో."

"కాచే ఇస్తా ఉండాను గదయ్యా" అంది అమ్మ.

"కాస్తే పురుగు చస్తుందమ్మా. రాతిలోంచి దిగిన ఉప్పు ఎక్కడికి పోతుంది?"

నేను బడిలో చదివింది తక్కువ. లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. ఊళ్ళో పొలం కొలతలకు నన్నే పిలిచేవారు. తిరుగు బస్సులో ఆ లెక్క దానంతటదే పడింది. ఆవిరయ్యేది నీళ్ళే. నాలుగు చెంబుల ఉప్పు ఒక్క చెంబులో మిగులుతుంది. నడిస్తే చెమట, చెమటకు దప్పిక, దప్పికకు మళ్ళీ అదే చెంబు. అమ్మకు చెప్పలేదు. ఇంటికి రాగానే ఆమే నీళ్ళకుండ బోర్లించి, అడుగున కట్టిన తెల్లటి పెచ్చును గోటితో గీరి చూసింది. ఆ కుండ మళ్ళీ పొయ్యి ఎక్కలేదు.

వాగు ఒడ్డున, మా చేలల్లో కూలికి వచ్చేవాళ్ళ పల్లె ఉండేది. వాళ్ళను మా బావి గట్టు ఎక్కనిచ్చేవాళ్ళం కాదు. అందుకని వాగు ఇసకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడుకునేవారు. ఆ పల్లెలో పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. నాయన ఈడువాళ్ళు నడుం వంచి కలుపు తీస్తున్నారు. కడవ తీసుకుని పోయి, చెలమ దగ్గరున్న ముసలమ్మను అడిగాను.

"మీ బాయికి ఏమొచ్చినాది సామీ?"

"ఆ నీళ్ళు నాయనకు పడటంలా అవ్వా."

"మేము ముట్టుకుంటే మైలని తరిమితిరే. ఇప్పుడు మేము కాలుబెట్టిన చెలమే కావల్సొచ్చినాదా?" అని బోసినోటితో నవ్వింది. తర్వాత పక్కకు జరిగింది. "ముంచుకోని పో. ఇసకలో ఊరే నీళ్ళు, నా సొత్తేమన్నానా."

నాయన ఒక్క గుక్క తాగి ఆగిపోయాడు.

"యాడి నీళ్ళురా ఇవి?"

"వాగువి."

"వాగులో యాడివి?"

నేను వంగి కడవకు మూత పెట్టాను. ఆయన చెంబు కింద పెట్టాడు.

"బాయిలో రాళ్ళు మోసింది వాళ్ళే. నీళ్ళు పడినాక గట్టెక్కబాకండని చెప్పినోణ్ణి నేను. ఇప్పుడు వాళ్ళకాడికి కడవ పంపినానని ఊరంతా చెప్పుకోవాల్నా?"

"ఊరొచ్చి నీ నొప్పి మోస్తాదా నాయనా?"

"మొయ్యకపోతే పోనీ. నా బాయి నీళ్ళు తెచ్చియ్యి."

అమ్మ కాళ్ళు పట్టుకుంది. మామ కూడా, "మందనుకోని తాగు బావా" అన్నాడు. ఆయన వినలేదు. తెలీకుండా నీళ్ళు మార్చి ఇస్తామేమోనని మంచం బావి పక్కకు వేయించుకుని, తోడేది చూసి తాగేవాడు. కాచడం మానేశాం, మజ్జిగ పోశాం. మేము చేయగలిగింది అంతే. రెండో ఎండాకాలానికి కాళ్ళు చచ్చుబడ్డాయి. ఆ ఏడే పోయాడు.

నేనూ నా భార్యా పిల్లలూ చెలమ నీళ్ళే తాగాం. మావాళ్ళు కొందరు మా ఇంట్లో మంచినీళ్ళు పుచ్చుకోవడం మానేశారు. అమ్మ మా పిల్లలకు ఆ కడవలోంచే ముంచి ఇచ్చేది. తను మాత్రం బావి నీళ్ళే తాగేది. ఆయన తాగని నీళ్ళు ఆయన ముందు ఎట్లా తాగేది అనేది. కర్మాంతరాలు అయ్యాక ఒక చెంబు చెలమ నీళ్ళు ఆమె ముందు పెట్టాను. అప్పటికే ఆమె నడుం సగం వంగింది.

"ఇంక నీకు అడ్డమేందమ్మా?" అన్నాను.

"మీ నాయన కొయ్యబారి పొయ్యినాడు. నేనొక్కదాన్ని నిటారుగా నడిచి ఎవురికి చూపించాలరా?" అని, చెంబు నా పెద్దకూతురి చేతికిచ్చింది. ఆ పిల్ల గడగడా తాగేసింది.