అమ్మ తోమిన డాలరు

ఇదొక మహా వంశగాథ. సముద్రాలు, సైనిక తిరుగుబాటు, చంద్రమండలం, అన్నీ ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఉన్నది ఒక డాలరు బిళ్ళ. చంద్రమండలం దాని వెనక వైపు ఉంటుంది.

ఫిజీలో నాన్న హోటల్లో పనిచేసేటప్పుడు ఒక అమెరికా అతిథి ఆ 1972 డాలరు ఇచ్చాడు. అమ్మ దాన్ని లక్ష్మీదేవి పటం ముందు పెట్టింది. అక్కడ సైన్యం తిరుగుబాటు చేశాక మేం సిడ్నీ వస్తే, పటంతో పాటు అదీ వచ్చింది. కొన్నాళ్ళకు అమ్మ పోయింది. అస్థికలు ఫిజీలో మా ఊరి ఏట్లోనే కలపమంది. కలపాలంటే విమానమెక్కాలి. నాన్న పనిచేసే ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది.

అప్పుడే లైబ్రరీలో నాన్నకు నాణేల పుస్తకం దొరికింది. ఆ డాలరు వెనక, చంద్రుడి మీద వాలుతున్న గద్దకు పైన, చిన్న భూగోళం ఉంటుంది. ఆ ఏడాది దాన్ని మూడు రకాల అచ్చులతో కొట్టారట. భూమి నిండు గుండ్రంగా ఉండి, ఫ్లోరిడా కింది దీవులు మరకలా కలిసిపోతే అది అరుదైన రకం. నాన్న భూతద్దం పట్టుకుని ఆ దీవులనే చూస్తూ కూర్చునేవాడు. నేనూ చూశాను. ఫిజీ ఏ రకంలోనూ లేదు.

"ఇదేరా. మీ అమ్మ టికెట్ ఇదే," అన్నాడు.

"అమ్మకి టికెట్ అక్కర్లేదు నాన్నా. నీకే కావాలి."

చాలా రోజుల తరవాత నవ్వాడు.

నాణేల కొట్లో తెల్లాయన కంటికి అద్దం పెట్టుకుని చూసి, రకం అదేనన్నాడు. నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ తరవాత ఆయన, దీన్ని తోమిందెవరని అడిగాడు.

ప్రతి శుక్రవారం పూజ సామానుతో పాటు దాన్నీ అమ్మ చింతపండు పెట్టి తోమేది. తోమిన బిళ్ళను నాణేలు సేకరించేవాళ్ళు ముట్టుకోరట. ఆయన మర్యాదగా ఒక్కో గీతా చూపించాడు. డాలరుకి డాలరే వస్తుందన్నాడు.

కారులో నాన్న బిళ్ళను బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

"బాగా తోమేది," అన్నాడు.

"అవును. టికెట్ అరిగేదాకా."

ఈసారి నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఆ ఆదివారం అమ్మను సిడ్నీలోనే, జార్జెస్ నదిలో కలిపాం. నాన్న చేతులు కడుక్కుని, "ఏరు సముద్రంలోకి పోద్ది. సముద్రం ఫిజీ దాకా పోద్ది. టికెట్ లేకుండా," అన్నాడు.

ఇంటికొచ్చి అట్లాసు తీశాను. ఇక్కడి తీరం వెంట సముద్ర ప్రవాహం దక్షిణానికి పోతుంది. ఫిజీ ఈశాన్యాన ఉంది.