తూర్పుకు పొంగిన పాలు

కెనడా ఉత్తరపు కొసన ఉన్న ఇనూవిక్‌లో ఇల్లు కొని పాలు పొంగిస్తే అవి తూర్పుకే పొంగాయి. బాలత్రిపురసుందరి మురిసిపోయింది. అక్కడి ఆసుపత్రిలో ఆమె నర్సు. "ఇంటిని మోసే కింది స్తంభాలు ఒకసారి ఎవరికైనా చూపిద్దాం" అన్నాడు భర్త రాజగోపాల్. "పాలే చెప్పాయిగా, ఇంకెవరు చెప్పాలండీ?" అంది. అతను స్టవ్ వంక చూసి, "తుడిచేదెవరు మరి?" అన్నాడు. ఆ మనిషంతే, శుభమా అని ఏదైనా మొదలెడితే మసిగుడ్డ గురించి అడుగుతాడు.

రెండేళ్ళు తిరిగేసరికి దోశలు గుండ్రంగా రావడం మానేశాయి. పిండి ఎలా తిప్పినా తూర్పుకే జారేది. పెనం మార్చింది, గరిటె మార్చింది, మొగుణ్ణొక్కణ్ణే మార్చలేదు. ఒకరోజు పడకగది తలుపు దానంతటదే తెరుచుకుని తూర్పు గోడకు కొట్టుకుంది. అప్పుడు తట్టింది అసలు సంగతి. ఎండాకాలంలోనూ గడ్డకట్టి ఉండాల్సిన అడుగునేల కరుగుతోంది, స్తంభాలు అటువైపు దిగుతున్నాయి. పాలకు ఆనాడు దిక్కు చూపింది ఆ నేలే. అయ్యో రామా, శకునమనుకుని దండం పెట్టింది ఇల్లు ఒరిగినందుకా! ముందు సిగ్గేసింది, వెనకే ఏడుపొచ్చింది. ఆ ఇల్లంటే ఆమెకు ప్రాణం.

"దక్షిణాన సస్కటూన్‌లో జాబ్‌కి అప్లై చేస్తా. వెళ్ళిపోదాం" అన్నాడు రాజగోపాల్.

"అక్కడ మాత్రం? మొన్న సమ్మరంతా అడవులు తగలబడిన పొగకి కిటికీ తీయలేదని మీ ఫ్రెండే అన్నాడుగా. ఎక్కడికెళ్ళినా ఏదో ఒకటి చూసుకుంటూ ఉండాల్సిందే."

పక్కింటి ఆగ్నెస్ ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగింది. స్తంభాల మీద ఇంటిని పైకెత్తే జాక్‌లు పెట్టించుకుని, ఏటా వేసవిలో ఇల్లు సరిచేసుకుంటుంది. ఆ పని చేసేవాళ్ళనే వీళ్ళింటికీ తీసుకొచ్చింది. ఇల్లు సమంగా నిలబడితేనే ఇక్కడ ఉండేది అని రాజగోపాల్ తేల్చి చెప్పాడు.

వాళ్ళు జాక్‌లు బిగించి వెళ్ళాక సుందరి స్టవ్ మీద పాలగిన్నె పెట్టింది. పాలు అంచుదాకా లేచి ఒక్క క్షణం ఆగాయి. తర్వాత చుట్టూరా ఒక్కసారే పొర్లి నాలుగు దిక్కులా కారాయి.

రాజగోపాల్ మసిగుడ్డ తనే తీసుకుని స్టవ్ తుడవడం మొదలెట్టాడు. సుందరి వంక చూడకుండానే అన్నాడు, "జాక్‌లు తిప్పించిన ప్రతిసారీ పొంగించి చూడాలి. ఏటా నేనే తుడుస్తాలే."