మిరప చేతులతో మొదటి పాఠం

మా సండే స్కూలు పంతులమ్మగారు ప్రభువునందు నిద్రించారని పొదిలి నుంచి కబురొచ్చింది. వినగానే ఏడుపొచ్చింది. కాసేపటికి నవ్వూ వచ్చింది. ఆవిడను తలుచుకుంటే ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి రావడం నాకు అలవాటే.

ఆవిడ ఎవరినీ ముఖం మీద మెచ్చుకునేవారు కాదు. పని అప్పగించేవారు, అంతే. ఊళ్లో ఎవరూ నమ్మని అల్లరి కుర్రాడికి మందిరం తాళంచెవి ఇచ్చి, "పొద్దున్నే తలుపులు తీసిపెట్టు నాయనా" అనేవారు. పెద్దలు గొణిగితే, "చేతిలో పెడితేనే గదయ్యా చేతనయ్యేది" అని నవ్వేవారు. ఆ కుర్రాడు మా అందరికంటే ముందే వచ్చి మందిరం ఊడ్చి ఉంచేవాడు.

ఎనభైల మొదట్లో నేను పదో తరగతి తప్పాను. మా అమ్మ చదువు మాన్పించి, తనతోపాటు మిరప కల్లానికి తీసుకుపోయింది. ఎండిన కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కన పోయడం మా పని. నేనూ ఆ తాలులో దాన్నేనని తీర్మానించేసుకున్నాను. ఒకరోజు పంతులమ్మగారు కల్లానికే వచ్చి, "ఈ ఆదివారం నుంచి చిన్నపిల్లల క్లాసు నీదే" అన్నారు.

"పది తప్పినదాన్నండీ. తాలుకాయని. నేనేం చెప్తానండీ?"

"ఏరేది దేవుడమ్మా. ఆయన పని నువ్వు చెయ్యమాక. తప్పిపోయిన గొర్రె కథ చెప్పు, చాలు."

ఆ ఆదివారం పొద్దున కూడా కాసేపు కాయలు ఏరి, పరికిణీకి చేతులు తుడుచుకుని, అటు నుంచి అటే మందిరానికి పరుగెత్తాను. కథ మొదలుపెట్టానో లేదో, ముందు కూర్చున్న పసివాడు అమ్మ కావాలని ఏడ్చాడు. జాలేసి వాడి కళ్లు తుడిచాను. అంతే, కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. వాణ్ణి చూసి పక్క పిల్ల బెదిరి ఏడ్చింది. దాన్నీ ఓదార్చి, దాని కళ్లూ తుడిచాను! ఇక గొర్రె సంగతి దేవుడెరుగు, క్లాసంతా గగ్గోలు.

సంఘపెద్ద పరుగెత్తుకొచ్చి, "ఈ పిల్లకి అప్పజెప్పొద్దంటే విన్నారా?" అని పంతులమ్మగారిని నిలదీశాడు. ఆరాధనకు వచ్చిన మా అమ్మ తల దించుకుంది. ఇక ఈ గుమ్మం తొక్కకూడదనుకున్నాను. ఆ రోజు అలాగే వెళ్లిపోయి ఉంటే మళ్లీ పది రాసే ధైర్యం నాకు వచ్చేది కాదు. ఇవాళ బళ్లో పాఠాలు చెప్తున్నానంటే ఆవిడ చలవే.

ఆవిడ వెంటనే పిల్లల కళ్లు నీళ్లతో కడిగించారు. ఇంట్లోంచి మజ్జిగ తెప్పించి నా చేతుల మీద పోసి, "మంటే గదమ్మా, చల్లారుద్ది. కథ మధ్యలో ఆపకూడదు" అన్నారు.

అప్పుడావిడ వెళ్లి చాప మీద పిల్లల మధ్య కూర్చున్నారు. కళ్లు ఎర్రబడ్డ పసివాణ్ణి ఒళ్లోకి తీసుకున్నారు. సంఘపెద్ద ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. నేను మళ్లీ మొదలుపెట్టాను. సాయంత్రం కాపరి మందను లెక్క చూసుకుంటే ఒక గొర్రె కనపడలేదని చెప్పి, భయంతో ఆగిపోయాను.

నా చిన్నప్పుడు ఆ కథ నాకు చెప్పింది ఆవిడే. అయినా ఏమీ ఎరగనట్టు ముందుకు వంగి, పిల్లలతోపాటు కళ్లింత చేసుకుని అడిగారు:

"తర్వాత ఏమైందండీ, టీచరుగారూ?"